పాత కన్సోళ్ల కంట్రోలర్లు పోతే బదులుగా: ఏవి కొనొచ్చు, ఏవి విప్పి బాగుచేసుకోవాలి

సూపర్ నింటెండో, మెగా డ్రైవ్ లాంటి పాత గేమ్ కన్సోళ్లు గట్టివి. మూడు దశాబ్దాలు దాటినా చాలావరకు స్విచ్ వేయగానే నడుస్తాయి. రోజూ వేళ్ల కింద నలిగేది కంట్రోలర్ (ప్యాడ్) కాబట్టి ముందు పోయేదీ అదే. దానికి బదులు ఒకటి వెతకబోతే అచ్చం అసలులా కనిపించే చవక క్లోన్లు, లైసెన్సు తీసుకుని చేసిన కొత్త ప్యాడ్లు, వైర్‌లెస్ ప్యాడ్లు, ఎవరో వాడి అమ్మేస్తున్న అసలు ప్యాడ్లు అన్నీ కలగాపులగంగా ఎదురవుతాయి.

తీర్పు ముందే చెప్పేస్తాను. ఎన్‌ఈఎస్ (నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్), సూపర్ నింటెండో, మెగా డ్రైవ్‌లకు వాడిన అసలు ప్యాడ్ కొని, లోపలి రబ్బరు మార్చుకోవడం ఇప్పటికీ అన్నిటికన్నా మేలైన దారి. వైరు వద్దనుకుంటే 8బిట్‌డూ కంపెనీ వాళ్ల, సొంత రిసీవర్‌తో వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ ప్యాడ్లు, సెగా వాళ్ల మెగా డ్రైవ్‌కు కొత్త వైరు ప్యాడ్ కావాలంటే రెట్రో-బిట్ కంపెనీ లైసెన్సు ప్యాడ్లు నమ్మదగినవి. నింటెండో 64 సంగతి పూర్తిగా వేరు. అక్కడ వాడిన ప్యాడ్ కొనడమంటే చాలాసార్లు అరిగిపోయిన స్టిక్‌ను కొనడమే. పేరూ ఊరూ లేని చవక క్లోన్లను మాత్రం ఏ కన్సోల్‌కూ సిఫారసు చేయలేను.

క్లోన్ ఎక్కడ తప్పుతుంది

ఎన్‌ఈఎస్ ప్యాడ్ విప్పితే లోపల పెద్దగా ఏమీ ఉండదు. ఒక బోర్డు, దాని మీద 4021 అనే షిఫ్ట్ రిజిస్టర్ చిప్, పైన రబ్బరు ప్యాడ్లు, ఐదు తీగల కేబుల్, అంతే. కన్సోల్ ఒక లాచ్ సంకేతం పంపగానే చిప్ ఎనిమిది బటన్ల స్థితినీ పట్టి ఉంచుతుంది. ఆ తర్వాత ఒక్కో క్లాక్ సంకేతానికి ఒక్కో బటన్ చొప్పున ఎ, బి, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి వరసలో అప్పజెబుతుంది. సూపర్ నింటెండోలోనూ ఇదే పద్ధతి, కాకపోతే బిట్లు పదహారు, వాటిలో బటన్లు పన్నెండు. ఇంత తేలికైన సర్క్యూట్‌ను నకలు చేయడం ఎవరికైనా సాధ్యమే కాబట్టి క్లోన్లలో ఎలక్ట్రానిక్స్ చెడ్డవి కావడం అరుదు.

అరుదు అన్నానే గాని, అసలు ఉండదని కాదు. చవక బోర్డుల మీద చిప్ బదులు నల్లటి జిగురు బొట్టు ఉంటుంది. అసలు ఎన్‌ఈఎస్ ప్యాడ్ ఎనిమిది బిట్లు ఇచ్చాక ఇంకా చదివితే ఎప్పుడూ 1 ఇస్తుంది. కొన్ని క్లోన్లు 0 ఇస్తాయి. మామూలు ఆటలకు ఈ తేడా తెలియదు. పోర్టులో ఏం తగిలించారో ఆ అదనపు బిట్లను బట్టి పోల్చుకునే ఆటలు మాత్రం తికమకపడతాయి. ఒక్క ఆటలోనే ప్యాడ్ పనిచేయక, మిగతా అన్నిటిలో బాగుంటే అనుమానించాల్సింది దీన్నే. టర్బో స్విచ్ ఉన్న ప్యాడ్లలో ఇంకో చిన్న చిక్కుంది. స్విచ్ పొరపాటున జరిగి ఉంటే, నొక్కి పట్టుకున్న బటన్ దానంతటదే ఆగి ఆగి పనిచేస్తుంది. వెనక్కి పంపేసే ముందు ఆ స్విచ్ ఒకసారి చూడండి.

క్లోన్ నిజంగా తప్పేది దిశలు నొక్కే డీ-ప్యాడ్ దగ్గర. శిలువ ఆకారపు ఆ ముక్క అడుగున మధ్యలో ఒక చిన్న గుండ్రటి బొడిపె ఉంటుంది. మొత్తం ముక్క ఆ బొడిపె మీదే ఊగుతుంది. ఒకవైపు నొక్కితే ఎదుటివైపు లేవాలి, అందుకే ఎడమ కుడి రెండూ ఒకేసారి తగలవు. బొడిపె కాస్త పొట్టిదైనా, బొడిపె ఆనే చోటు లోతైనా, రబ్బరు మెత్తనైనా ముక్క ఊగకుండా మొత్తంగా కిందికి దిగిపోతుంది. అప్పుడు కుడి నొక్కితే పైకి కూడా తగులుతుంది. నిచ్చెన పక్కనుంచి పరుగెత్తుతున్న బొమ్మ నిచ్చెన పట్టుకుంటుంది, ఫైటింగ్ ఆటలో నడవబోయిన వాడు గాల్లోకి ఎగురుతాడు. బొడిపె మరీ పొడవైతే దీనికి ఎదురు జబ్బు: ఏటవాలు దిశలు తగలనే తగలవు, బొటనవేలు నొప్పి పుట్టేదాకా అదమాలి. అసలు ప్యాడ్లలోనూ ఏళ్ల వాడకంతో బొడిపె అరుగుతుంది, అప్పుడు ఎదురెదురు దిశలు రెండూ ఒకేసారి తగిలే అవకాశం వస్తుంది. ఆ కాలపు ఆటలు కొన్ని అలాంటి స్థితిని ఊహించనే లేదు. బొమ్మ అడ్డదిడ్డంగా దూసుకుపోతుంది.

అందువల్ల ప్యాడ్ చేతికి రాగానే, వెనక్కి పంపే గడువు ఉండగానే, మూడు పనులు చేయండి. కంట్రోలర్ టెస్ట్ తెర ఉన్న ప్రోగ్రామ్ ఉంటే మంచిది, లేకపోతే ఏ ఫైటింగ్ ఆటైనా సరిపోతుంది. డీ-ప్యాడ్ సరిగ్గా మధ్యలో గట్టిగా నొక్కండి: ఏ దిశా వెలగకూడదు. కుడివైపు నొక్కి పట్టి బొటనవేలిని అటూ ఇటూ కొంచెం దొర్లించండి: పైకి గాని కిందికి గాని రాకూడదు. కిందినుంచి కుడికి నెమ్మదిగా పావు చుట్టు తిప్పండి: కిందికి, ఏటవాలు, కుడి మూడూ వరసగా కనిపించాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. మొదటి రెండింటిలో నెగ్గి మూడోదానిలో ఓడితే బొడిపె పొడవు ఎక్కువని అర్థం, మూడోది నెగ్గి రెండోదానిలో ఓడితే పొట్టిదని. రెండో రకానికి ఇంట్లోనే వైద్యం ఉంది.

వేడికి తట్టుకునే పల్చటి కాప్టన్ టేప్ తీసుకోండి. ప్యాడ్ విప్పి, రబ్బరు తీసి, బోర్డు మీద నాలుగు దిశల కాంటాక్టులూ చూడండి. ఒక్కో కాంటాక్టుకు పక్క దిశలవైపు ఉండే అంచుల మీద మిల్లీమీటరు వెడల్పు టేపు ముక్కలు అంటించండి. మధ్యభాగం తెరిచే ఉండాలి. కుడి నొక్కేటప్పుడు వేలు కొంచెం పైకి ఒరిగితే రబ్బరు చుక్క పై కాంటాక్టు అంచునే తాకుతుంది. ఆ అంచు మూసేస్తే ఆ చిన్న ఒరుగుడు లెక్కలోకి రాదు, కావాలని ఏటవాలుగా నొక్కితే మాత్రం చుక్క లోపలిదాకా దిగి తగులుతుంది. ఒకేసారి వెడల్పుగా వేయొద్దు, ఏటవాలు దిశలు అసలే మాయమవుతాయి. 8బిట్‌డూ ఎస్‌ఎన్30 వరస ప్యాడ్ల డీ-ప్యాడ్ ఏటవాలుకు తొందరపడుతుందన్న ఫిర్యాదుకు వాడేవాళ్లు కనుక్కున్న మందు ఇదే. అది తప్ప ఆ ప్యాడ్ల మీద పెద్ద ఫిర్యాదు లేదు.

వాడిన అసలు ప్యాడ్‌ను నిలబెట్టడం

కొనేటప్పుడు వెనుక భాగం ఫొటో తప్పకుండా అడగండి. అసలు నింటెండో ప్యాడ్ వెనుక కంపెనీ పేరు, మోడల్ నంబరు అచ్చులోనే ఉంటాయి: ఎన్‌ఈఎస్‌కు ఎన్‌ఈఎస్-004, అమెరికా సూపర్ నింటెండోకు ఎస్‌ఎన్‌ఎస్-005, దాని జపాన్ రూపం సూపర్ ఫామికామ్‌కు ఎస్‌హెచ్‌వీసీ-005, నింటెండో 64కు ఎన్‌యూఎస్-005. ముందునుంచి అచ్చు గుద్దినట్టున్న క్లోన్లు వెనుక బోసిగా ఉంటాయి. అమెరికా సూపర్ నింటెండో ప్యాడ్‌కు ఇంకో గుర్తు: ఎక్స్, వై బటన్లు లోపలికి గుంటగా, ఎ, బి బటన్లు పైకి ఉబ్బుగా ఉంటాయి. సూపర్ ఫామికామ్‌లో నాలుగూ ఉబ్బే. షెల్ పసుపెక్కిందని ధర తగ్గిస్తే కళ్లు మూసుకుని తీసుకోండి, ఆ రంగుకు ఆటతో సంబంధం లేదు. చూడాల్సింది కేబుల్ ప్యాడ్‌లోకి దూరే చోటు. అక్కడ మడతలు పడి పైతొడుగు తెల్లబారితే లోపల తీగ తెగడానికి సిద్ధంగా ఉన్నట్టే. సూపర్ నింటెండో ప్యాడ్లలో ఎల్, ఆర్ బటన్లు కూడా పరీక్షించమనండి. కింద పడితే వాటిని పట్టి ఉంచే సన్నటి ప్లాస్టిక్ ముక్క ముందు విరుగుతుంది, అతికిస్తే ఎక్కువ రోజులు నిలవదు.

ఎన్‌ఈఎస్ ప్యాడ్‌కు వెనుక ఆరు స్క్రూలు, సూపర్ నింటెండోకు ఐదు, అన్నీ మామూలు స్టార్ స్క్రూలే. గేమ్‌క్యూబ్ ప్యాడ్‌కు మాత్రం మూడు రెక్కల ట్రైవింగ్ స్క్రూడ్రైవర్ కావాలి. ప్యాడ్‌ను బోర్లా పెట్టి వెనుక మూత ఎత్తండి, లేకపోతే బటన్లన్నీ నేల మీద దొర్లుతాయి. మూత తీయగానే కేబుల్ ఏ మేకుల మధ్య నుంచి మెలికలు తిరిగి వెళ్తోందో ఒక ఫొటో తీసుకోండి. బిగించేటప్పుడు ఆ మెలిక తప్పితే లాగుడంతా సోల్డర్ మీద పడుతుంది.

రబ్బరు అడుగున ఉండే నల్ల కార్బన్ చుక్కే అసలు స్విచ్. బోర్డు మీది దువ్వెన పళ్లలాంటి గీతలను అది కలిపితే బటన్ నొక్కినట్టు లెక్క. మురికి పట్టినా, కార్బన్ అరిగినా దాని నిరోధకత పెరిగి బటన్ ఒకసారి తగిలి ఒకసారి తగలదు. మల్టీమీటర్ సూదులు రెండూ ఒకే చుక్క మీద కొంచెం ఎడంగా పెట్టి చూడండి. కొన్ని వందల ఓమ్‌ల లోపు ఉంటే బాగున్నట్టు, వేలల్లోకి పోతే మార్చే వేళయినట్టు. ముందు శుభ్రం చేసి చూడండి: బోర్డును 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవాలి, కార్బన్ చుక్కను మామూలు తెల్ల కాగితం మీద నెమ్మదిగా రెండు మూడుసార్లు రుద్దాలి. కాగితం మీద నల్లటి గీత పడితే పైపొర పోయి కొత్త కార్బన్ బయటపడినట్టే. ఉప్పుకాగితం జోలికి పోవద్దు. బోర్డు గీతల మీద కూడా పల్చటి నల్ల కార్బన్ పూత ఉంటుంది, గట్టిగా గీకితే అదీ ఊడొస్తుంది.

రబ్బరు గోపురం అడుగున చిరిగితే శుభ్రం చేసి లాభం లేదు, మార్చాల్సిందే. విడిగా దొరికే కొత్త రబ్బర్లలో నాణ్యత తేడా చాలా ఎక్కువ. గోపురాలు ఎత్తుగా, గట్టిగా ఉండేవి వేస్తే బటన్లు షెల్ మీద ఒకదానికన్నా ఒకటి ఎత్తుగా నిలబడతాయి, డీ-ప్యాడ్ పైకి లేచి బొడిపె బోర్డుకు ఆనదు. ఇలాంటప్పుడు బటన్లకు మాత్రం కొత్త రబ్బరు వేసి, డీ-ప్యాడ్‌కు శుభ్రం చేసిన పాతదే ఉంచితే చాలాసార్లు రెండింటి మేలూ దక్కుతుంది. రబ్బరు అంచుల్లోని చిల్లులు బోర్డు మేకుల్లో పూర్తిగా దిగాయో లేదో చూడకుండా మూత వేయొద్దు. కొత్త రబ్బరు వేశాక బటన్ ఇరుక్కుపోతోందంటే పది సందర్భాల్లో తొమ్మిదింట కారణం ఇదే. స్క్రూ బిగించే ముందు ఒక చుట్టు వెనక్కి తిప్పండి, పాత మరలో టక్కున కూర్చున్నాక ముందుకు తిప్పండి. ప్లాస్టిక్ మరలు కొత్తగా కోసుకుంటే మూడో నాలుగో సారికి స్క్రూ వట్టిగా తిరుగుతుంది.

ఎన్‌ఈఎస్‌కు జపాన్ రూపమైన ఫామికామ్ ఉన్నవాళ్లకు ఈ దారి కొంచెం కష్టం. 1983లో వచ్చిన ఆ కన్సోల్‌కు ప్యాడ్లు విడిగా పీకేవి కావు, కేబుల్ నేరుగా లోపలి బోర్డుకే పోతుంది. రెండో ప్యాడ్‌కు స్టార్ట్, సెలెక్ట్ లేవు, బదులుగా మైకు ఉంటుంది. ముందున్న 15 పిన్నుల పోర్టుకు వేరే ప్యాడ్ తగిలించొచ్చు. కాని ఆ పోర్టును చదవని ఆటలూ ఉన్నాయి, వాటికి లోపలి ప్యాడే దిక్కు.

మెగా డ్రైవ్: చూడ్డానికి ఒకే ప్లగ్, లోపల వేరు

తొమ్మిది పిన్నుల ప్లగ్ అటారీ కాలం నుంచీ ఉన్నదే. అందుకే అమ్మేవాళ్లు "అన్నిటికీ పనికొస్తుంది" అంటూ అంటగడతారు. నమ్మొద్దు. మెగా డ్రైవ్ ప్యాడ్‌కు 5 వోల్టులు ఐదో పిన్ మీద రావాలి, కమోడోర్ 64 లాంటి పాత కంప్యూటర్లలో అవి ఏడో పిన్ మీద ఉంటాయి. మెగా డ్రైవ్‌లో ఏడో పిన్ సెలెక్ట్ తీగ. మార్పు చేయని మెగా డ్రైవ్ ప్యాడ్‌ను కమోడోర్‌కు గుచ్చితే కంప్యూటర్ లోపల ఆ పోర్టును చదివే సీఐఏ చిప్ దెబ్బతినే ప్రమాదముంది.

మూడు బటన్ల ప్యాడ్ లోపల 74హెచ్‌సీ157 అనే చిప్ ఉంటుంది. సెలెక్ట్ తీగ పైకి ఉన్నప్పుడు ఆరు, తొమ్మిది పిన్నుల మీద బి, సి బటన్లు వస్తాయి. కిందికి దిగినప్పుడు అవే పిన్నుల మీద ఎ, స్టార్ట్ వస్తాయి. ఇది తెలిస్తే సగం రిపేరు చూపుతోనే అయిపోతుంది. ఎ, స్టార్ట్ రెండూ పోయి బి, సి బాగుంటే ఏడో పిన్ తీగ తెగింది. సి, స్టార్ట్ పోతే తొమ్మిదో పిన్. ఎ, బి పోతే ఆరోది. చవక ఎక్స్‌టెన్షన్ కేబుళ్లలో తొమ్మిది తీగలూ ఉండవు, పాత జాయ్‌స్టిక్‌లకు సరిపడా మాత్రమే వేస్తారు. కొత్త ప్యాడ్‌లో ఎ, స్టార్ట్ పనిచేయడం లేదని వెనక్కి పంపేముందు ఎక్స్‌టెన్షన్ పీకి నేరుగా గుచ్చి చూడండి.

ఆరు బటన్ల ప్యాడ్ 1993లో వచ్చింది. సెలెక్ట్ తీగను వెంటవెంటనే పలుమార్లు పైకీ కిందికీ ఆడిస్తేనే ఎక్స్, వై, జెడ్, మోడ్ బయటికి వస్తాయి. అంతకుముందు రాసిన కొన్ని ఆటలు సెలెక్ట్‌ను అవసరానికి మించి ఆడించి, వచ్చిన జవాబును తప్పుగా చదువుకుంటాయి. అలాంటి ఆట పెట్టినప్పుడు మోడ్ బటన్ పట్టుకుని కన్సోల్ ఆన్ చేస్తే ప్యాడ్ మూడు బటన్లదానిలా నడుచుకుంటుంది. మోడ్ లేని ఆరు బటన్ల క్లోన్‌ను పక్కన పెట్టేయడానికి ఈ ఒక్క కారణం చాలు.

కొత్తవాటిలో రెట్రో-బిట్ సెగా లైసెన్సుతో చేసిన ఆరు బటన్ల వైరు ప్యాడ్‌కు నా మొదటి ఓటు. చేతిలో పట్టు, డీ-ప్యాడ్ ఊగే తీరు అసలు ఆరు బటన్ల ప్యాడ్‌కు బాగా దగ్గరగా ఉంటాయి. వైర్‌లెస్‌లో 8బిట్‌డూ ఎం30. దాని డీ-ప్యాడ్ గుండ్రటి పళ్లెం మీద ఉండే సెగా తరహా కాబట్టి ఎస్‌ఎన్30లోని ఏటవాలు గొడవ ఇక్కడ పెద్దగా లేదు. ఒరిజినల్ కన్సోల్‌కు కావాలంటే రిసీవర్‌తో వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ రకమే కొనాలి. బ్లూటూత్ ఎం30 పెట్టె తెచ్చుకుని మెగా డ్రైవ్ ముందు కూర్చుంటే, దానికి రిసీవర్ విడిగా మళ్లీ కొనాల్సిందే.

నింటెండో 64: అంతా స్టిక్ మీదే

1996 నాటి ఈ ప్యాడ్‌లో బటన్లు, బోర్డు దాదాపు చెడవు. స్టిక్ మాత్రం చెడకుండా ఉండదు. చూడటానికి అనలాగ్ అనిపించినా లోపల పొటెన్షియోమీటర్లు (తిప్పితే నిరోధకత మారే భాగాలు) లేవు. స్టిక్‌ను కదిపితే గాట్లున్న రెండు చక్రాలు తిరుగుతాయి. ఒక్కో చక్రానికి ఒకపక్క ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ, మరోపక్క సెన్సర్. పాత బాల్ మౌస్‌లో ఉన్న ఏర్పాటే ఇది. కాంతి ఎన్నిసార్లు తెగిందో లెక్కపెట్టి స్టిక్ ఎంత జరిగిందో తేలుస్తారు. అంటే అది కదలికను లెక్కిస్తుంది తప్ప స్థానాన్ని నేరుగా కొలవదు. కన్సోల్ ఆన్ చేసేటప్పుడు స్టిక్ ఎక్కడుంటే అదే మధ్య అనుకుంటుంది. ఆన్ చేసేటప్పుడు స్టిక్ మీద వేలు ఉండకూడదు, ఉంటే ఎల్, ఆర్, స్టార్ట్ మూడూ కలిపి నొక్కి వదలండి, మధ్య మళ్లీ కుదురుతుంది. బొమ్మ దానంతటదే నడుస్తోందని చెడిపోయిందంటూ అమ్మకానికి పెట్టిన ప్యాడ్లలో కొన్నిటికి ఇంతకుమించి రోగం లేదు.

అసలు రోగం అరుగుదల. స్టిక్ అడుగుభాగం ప్లాస్టిక్ గిన్నెలో ప్లాస్టిక్ మీదే రాసుకుంటుంది. తెల్లటి పొడి రాలుతుంది, గిన్నెలో గుంట పడుతుంది, స్టిక్‌ను పట్టే ఆర్చి ముక్కల కంత వెడల్పవుతుంది. చివరికి స్టిక్ మెడ వాల్చేస్తుంది. కన్సోల్‌కు అందే అంకెల్లో చెప్పాలంటే, బాగున్న అసలు స్టిక్ నేరు దిశల్లో చివరిదాకా నెడితే సుమారు 80 నుంచి 85 దాకా, ఏటవాలుగా ఒక్కో అక్షం మీద 70 చుట్టుపక్కల చూపిస్తుంది. అరిగినది అరవైల్లోకి పడిపోతుంది, బొమ్మ పూర్తి వేగం అందుకోదు. బదులు స్టిక్‌లలో దీనికి ఎదురు లోపం: చాలావాటిలో నేరు దిశలో వంద దాటిపోతుంది. ఆట 80కే పూర్తి వేగం ఇచ్చేస్తుంది కాబట్టి స్టిక్ ముప్పావు దూరం జరగగానే పరుగే. నెమ్మదిగా నడవడానికి, గురి చూడటానికి చోటు మిగలదు. ఏ స్టిక్ కొన్నా ఈ రేంజి ఎంతో అమ్మేవాళ్లు చెప్పాలి. చెప్పని చోట కొనకండి.

విడి స్టిక్‌లలో మొదటి రకం అసలు ఆప్టికల్ దానికి నకలు. అచ్చుపోత మోటుగా ఉండి కదలిక గతుకులు గతుకులుగా వస్తుంది, అరుగుదలా తొందరే. వద్దు. రెండోది గేమ్‌క్యూబ్ తరహా స్టిక్. పొటెన్షియోమీటర్లు, వాటి విలువను నింటెండో 64 భాషలోకి మార్చే చిన్న చిప్ ఉంటాయి. బిగువుగా, సుఖంగా ఉంటుంది. కాని రేంజి గొడవ ఎక్కువగా చూసేది దీనిలోనే, సంవత్సరాల మీద పొటెన్షియోమీటర్ అరిగి స్టిక్ జరగడమూ మొదలవుతుంది. మూడోది హాల్ ఎఫెక్ట్ స్టిక్. అయస్కాంతాన్ని సెన్సర్ తాకకుండా చదువుతుంది కాబట్టి కొలిచే భాగానికి అరుగుదల లేదు. అసలు షెల్‌లో స్టిక్ చుట్టూ ఉండే ఎనిమిది పలకల అంచుకు (గేటుకు) సరిపోయేలా, రేంజి అసలుదానంతే ఉండేలా చేసినది దొరికితే మరో ఆలోచన అక్కర్లేదు. నాలుగో దారి అసలు స్టిక్‌నే విప్పి కొత్త గిన్నె, కొత్త ఆర్చి ముక్కలు వేసి, ప్లాస్టిక్‌కు హాని చేయని గ్రీజు పల్చగా రాయడం. పాత స్పర్శ ఉన్నదున్నట్టు కావాలనుకునేవాళ్లకు ఇదే. ఓపిక మాత్రం ఉండాలి. గ్రీజు చక్రాల గాట్లకు అంటితే లెక్క తప్పుతుంది.

స్టిక్ మార్చడానికి సోల్డరింగ్ అక్కర్లేదు. వెనుక స్క్రూలన్నీ తీశాక కూడా మూత రాకపోతే బలం పెట్టకండి, ఆట సేవ్ చేసుకునే ప్యాక్ దూర్చే కంతలో ఇంకో రెండు చిన్న స్క్రూలు దాగుంటాయి. వాటిని మరచి లాగి షెల్ విరగ్గొట్టుకునేవాళ్లు ఎక్కువ. మూత ఎత్తాక జెడ్ బటన్ చిన్న బోర్డును పక్కకు జరపండి, స్టిక్ పెట్టె నుంచి బోర్డుకు పోయే ఆరు తీగల కనెక్టర్‌ను తీగలు పట్టి కాకుండా ప్లాస్టిక్ పట్టి లాగండి. పెట్టెను పట్టి ఉంచే మూడు స్క్రూలు తీస్తే మొత్తం బయటికొస్తుంది. కొత్తది బిగించి, మూత పూర్తిగా వేయకముందే కన్సోల్‌కు తగిలించి చూడండి. పైకీ కిందికీ తారుమారైతే కొన్ని స్టిక్‌ల మీద దానికి విడిగా అమరిక ఉంటుంది.

మొత్తం ప్యాడే కొత్తది కావాలంటే రెట్రో ఫైటర్స్ బ్రాలర్64, రెట్రో-బిట్ ట్రిబ్యూట్64 రెండూ చూడదగ్గవి. బ్రాలర్ మూడు కొమ్ముల ఆకారాన్ని వదిలేసి ఇప్పటి ప్యాడ్లలా ఉంటుంది, అన్ని బటన్లకూ వేళ్లు అందుతాయి. స్టిక్ కొంచెం చురుకు, గురి చూసి కాల్చే ఆటల్లో ఆ తేడా తెలుస్తుంది. ట్రిబ్యూట్ పాత హోరీ మినీ ప్యాడ్ బాటలో చేసినది, ప్లాట్‌ఫామ్ ఆటలకు నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. రెండింటి వైరు రకాల్లోనూ ప్యాక్ దూర్చే కంత ఉంది, వైర్‌లెస్ రకాలు కొనేముందు అది ఉందో లేదో కచ్చితంగా చూసుకోండి. ఈ కన్సోల్‌లో 32 కిలోబైట్ల కంట్రోలర్ ప్యాక్ తగిలేది కన్సోల్‌కు కాదు, ప్యాడ్‌కు. కంత లేకపోతే, ప్యాక్ మీద మాత్రమే సేవ్ చేసే ఆటలో ఎంతాడినా ప్రతిసారీ మొదటికే.

8బిట్‌డూ పాత నింటెండో 64 ప్యాడ్‌కు హాల్ స్టిక్‌తో సహా ఒక మార్పిడి కిట్ అమ్ముతుంది. చక్కటి సరుకే. కాని అది పాత ప్యాడ్‌ను నింటెండో స్విచ్ అనే కొత్త కన్సోల్, ఆండ్రాయిడ్‌ల కోసం బ్లూటూత్ ప్యాడ్‌గా మార్చే కిట్, పాత కన్సోల్ కేబుల్ ఇక ఉండదు. అలాగే నింటెండో స్విచ్ కోసం తెచ్చిన ఎన్‌ఈఎస్, సూపర్ నింటెండో, నింటెండో 64 ప్యాడ్లు కూడా మధ్యలో రిసీవర్ లేకుండా పాత కన్సోళ్లతో మాట్లాడవు. పాతవాటి చిన్న నమూనాలుగా వచ్చిన ఎన్‌ఈఎస్ క్లాసిక్, ఎస్‌ఎన్‌ఈఎస్ క్లాసిక్ కన్సోళ్ల ప్యాడ్ల ప్లగ్ నింటెండో వీ కన్సోల్ రిమోట్‌కు తగిలేది, పాత పోర్టులో దూరదు.

వైర్‌లెస్ ఆలస్యం గురించి

ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్ టీవీ పద్ధతి) కన్సోల్‌లో ఆటలు మామూలుగా ప్యాడ్‌ను సెకనుకు 60 సార్లు, అంటే 16.7 మిల్లీసెకన్లకోసారి చదువుతాయి. వైరు ప్యాడ్‌లో ఆ క్షణాన బటన్ ఎలా ఉందో అదే వెళ్తుంది. వైర్‌లెస్‌లో రిసీవర్ దగ్గరున్న కడపటి సమాచారం వెళ్తుంది, కొత్తది ఇంకా దారిలో ఉంటే ఒక ఫ్రేమ్ ఆగాలి. సొంత రిసీవర్ ఉన్న 2.4 గిగాహెర్ట్జ్ ప్యాడ్లలో ఇది తెలియనంత తక్కువ. బ్లూటూత్‌లో కొంచెం ఎక్కువ, పైగా ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది, అదే చికాకు. అయితే గేమ్ మోడ్ వేయని టీవీ చేసే ఆలస్యం ముందు ఈ రెండూ చిన్నవే. ప్యాడ్‌ను తిట్టేముందు టీవీ సెట్టింగు చూడండి. రిసీవర్‌కు కొత్త ఫర్మ్‌వేర్ ఉంటే ఆట మొదలెట్టకముందే ఎక్కించండి. ఒకే పోర్టుకు పలు ప్యాడ్లు తగిలించే మల్టీట్యాప్ వాడే ఆలోచన ఉంటే వైర్‌లెస్ కొనేముందు రెండుసార్లు అడగండి.

మిగతావి క్లుప్తంగా

ప్లేస్టేషన్ 2కు వాడిన అసలు డ్యూయల్‌షాక్ 2నే వెతకండి. బటన్ ఎంత గట్టిగా నొక్కారో కూడా అది కన్సోల్‌కు చెబుతుంది, చవక క్లోన్లు చాలావరకు నొక్కారా లేదా అన్నదే చెబుతాయి. రేసింగ్ ఆటలో యాక్సిలరేటర్ అయితే సున్నా, లేదంటే నూరు అయిపోతుంది. నొక్కకుండానే బటన్లు తగులుతుంటే లోపల కాంటాక్టు షీటును బోర్డుకు అదిమే స్పాంజి ముక్క నలిగి ఉంటుంది, దాని మీద పల్చటి ఫోమ్ ముక్క పెడితే బాగవుతుంది. గేమ్‌క్యూబ్ స్టిక్ జరిగితే వదిలేసి ఉంచి ఎక్స్, వై, స్టార్ట్ మూడు సెకన్లు నొక్కిపట్టండి, దాంతో కుదరకపోతేనే స్టిక్ పెట్టె మార్చండి.

డ్రీమ్‌కాస్ట్ ప్యాడ్ స్టిక్‌లో మొదటి నుంచీ ఉన్నవి హాల్ సెన్సర్లే, అందుకే పాతవి కూడా జరగడం తక్కువ. ఈ కన్సోల్‌కు కొత్త ప్యాడ్ కొనేముందు నాలుగు పోర్టుల్లోనూ గుచ్చి చూడండి. నాలుగింటిలో ఏదీ పలకకపోతే తప్పు ప్యాడ్‌ది కాకపోవచ్చు. కన్సోల్ లోపల కంట్రోలర్ పోర్టుల బోర్డు మీద ఎఫ్1 అని రాసి ఉన్న ఫ్యూజ్ కాలిపోయి ఉంటుంది. మల్టీమీటర్‌తో కంటిన్యుటీ చూసి, తెగి ఉంటే దాన్ని మార్చితే పాత ప్యాడే మళ్లీ పనిచేస్తుంది.